మిద్దె మీద నుంచి చూసిన ఐదు చుట్లు

మా ఇంట్లో కొత్త బండి ఏది కొన్నా ముందు ఇంటి చుట్టూ మూడుసార్లు తిప్పాలి. సైకిలైనా సరే, ట్రాక్టరైనా సరే. ఇది మా అమ్మ పుట్టింటి ఆచారం. ఆమెది పెరియకుళం. అక్కడ వాళ్ళ మామిడితోట మధ్యలో అమ్మవారి చిన్న గుడి ఉండేది. తోటకి కొన్న మొదటి లారీని కాయలెక్కించక ముందే ఆ గుడి చుట్టూ తిప్పారట. కోయంబత్తూరు పక్కకి కోడలిగా వచ్చాక మా పొలంలో అలాంటి గుడి లేదని తెలిసి, అమ్మ పుట్టింటి నుంచి అమ్మవారి కలశం తెచ్చి వంటింటి పక్క గదిలో పెట్టింది. ఆ రోజు నుంచీ ఇల్లే గుడి. బండి కుడిచేతి వైపుగా మూడు చుట్లు తిరగాలి, ఆ తర్వాత ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయ నలగాలి. అప్పుడే అది రోడ్డెక్కాలి. నా మొదటి స్కూటరూ, మా బావ పంపుసెట్లు మోసే చిన్న టెంపో కూడా అలాగే తిరిగాయి.

బావ అంటే మా చెల్లెలి భర్త. పీలమేడులో ఆయనకి మోటార్లు, పంపులు బాగుచేసే షెడ్డు ఉంది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు విమానం నడుపుతుంది. పెద్ద జెట్ కాదు, రెక్కలకి రెండు ప్రాపెల్లర్లు ఉండే విమానం. కెప్టెన్ పక్కన కుడివైపు సీటు ఆమెది. ఉద్యోగం వచ్చిన వారం ఇంటికొచ్చి దోసె తింటుంటే అమ్మ ఎదురుగా కూర్చుని అడిగింది.

"నీ వండి ఎప్పుడు తెస్తావు కణ్ణు?"

వండి అంటే బండి, కణ్ణు అంటే బంగారం లాంటి ముద్దుమాట. మా ఇళ్ళలో సగం మాటలు అరవం నుంచి వచ్చి కూర్చున్నవే.

"అది నా వండి కాదవ్వా, కంపెనీది."

"నువ్వు తోలితే నీదే. మూడు సుట్లు సుట్టకుండా తోలేస్తావా?"

"సరి అవ్వా. ఒక దినం ఇంటి మీదే మూడు సుట్లు సుట్టి సూపిస్తా. సాలునా?"

నోట్లో దోసె పెట్టుకుని అన్న మాట అది. అన్నవాళ్ళు మరచిపోయారు. విన్నావిడ మరచిపోలేదు.

మా ఇల్లు పీలమేడు విమానాశ్రయానికి తూర్పున, రన్‌వేకి తిన్నగా వచ్చే దారి కింద ఉంది. చుట్టూ మిగిలిన కాస్త రేగడి నేలలో కొబ్బరి, జొన్న వేస్తాం. రోజూ విమానాలు మా మిద్దె మీదుగానే దిగుతాయి. పేపరు ఆఫీసు నుంచి రిటైరయ్యాక నేను కూడా అమ్మా, చెల్లెలి కుటుంబం ఉండే ఈ ఇంటికే వచ్చేశాను. అమ్మకి తొంభైకి దగ్గర వయసు. చెవి మాత్రం గట్టిది. జెట్ వస్తే తల ఎత్తదు. ప్రాపెల్లర్ విమానం గొణుగుడు వినిపిస్తే మాత్రం చేతిలో పని ఆపి, "ఇది మనదా?" అంటుంది. మేనకోడలు కోవైకి, అంటే కోయంబత్తూరుకి, వచ్చే రోజు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో టైము పెడుతుంది, చెల్లెలు పైకి చదువుతుంది, అమ్మ గోడ పట్టుకుని పద్దెనిమిది మెట్లూ ఎక్కి నీళ్ళ ట్యాంకు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటుంది.

ఆ ఆదివారం వచ్చిన మెసేజి ఇది: నాలుగు పదికి దిగుతాను, రాత్రి ఇక్కడే, ఇంటికొస్తున్నా. బావ మూడున్నరకే స్కూటర్ వేసుకుని విమానాశ్రయానికి వెళ్ళాడు. చెల్లెలు కింద అతిరసాలకి, అంటే అరిసెలకి, పిండి కలుపుతోంది. అమ్మ, నేను మిద్దె మీద ఉన్నాం. మిద్దె సగం మేర మిరపకాయలు ఎండబెట్టి ఉన్నాయి.

నాలుగూ ఎనిమిదికి గొణుగుడు వినిపించింది. ఈశాన్యం నుంచి, చక్రాలు దించుకుని, ఎప్పటిలాగే తిన్నగా వస్తోంది. అమ్మ లేచి నిలబడింది. విమానం మా జొన్నచేను మీదికి వచ్చేసరికి గొణుగుడు ఒక్కసారిగా పెద్దదైంది. దిగాల్సింది కిందికి రాకుండా మెల్లగా, బరువుగా పైకి లేచింది. మిద్దె మీదుగా వెళ్ళి, రన్‌వే కూడా దాటి, పడమటి ఎండలో కలిసిపోయింది.

"ఏమిరా, దిగకుండా పోయినాది?"

"ముందు ఇంకోటి ఉండి ఉంటుందమ్మా. మళ్ళీ వస్తుంది."

నేను అబద్ధం చెప్పలేదు. అలా పైకి లేచి తిరిగి రావడం మామూలే, ఏడాదిలో రెండు మూడుసార్లు చూస్తాం. కానీ ఈసారి అది దిగడానికి రాలేదు. ఐదారు నిమిషాల తర్వాత బాగా ఎత్తులో కనిపించి, మా చేల మీద కోడిగుడ్డు ఆకారంలో పెద్ద చుట్టు మొదలుపెట్టింది. ఒక చుట్టు పూర్తయింది. రెండోది మొదలైంది.

అమ్మ ముఖం వెలిగిపోయింది.

"ఒరే, సుట్తా ఉండాది రా! ఇంటిని సుట్తా ఉండాది! మాట ఇచ్చినాది కదా!" మిద్దె అంచుకు వెళ్ళి కిందికి కేక వేసింది. "ఏమే! నిమ్మకాయలు తే! నీ కూతురు వండి తెచ్చినాది!"

చెల్లెలు కింద నుంచి, "ఎన్నమ్మా?" అంది నవ్వుతూ.

"ఎన్ని సక్రాలే దానికి?"

"ఆరు."

"అయితే ఆరు తే."

నేను కూడా నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే అది ఇంకా పూర్తి కాకముందే జేబులో ఫోను మోగింది. నేను పనిచేసిన పేపర్లో విలేకరి. నా దగ్గరే పని నేర్చుకున్నవాడు. అతను అరవంలో అన్నది తెలుగులో రాస్తున్నాను.

"అణ్ణా, మీ ఇల్లు రన్‌వే దారిలోనే కదా? చిన్న సాయం. ఆకాశంలో ఏదైనా విమానం తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"అదే అణ్ణా. ఎమర్జెన్సీ అట. ఫైరింజన్లు, అంబులెన్సులు రన్‌వే పక్కన నిలబెట్టేశారు. ముక్కు పైకీ కిందికీ తిప్పే కంట్రోలు బిగుసుకుపోయిందట. నేనింకా దారిలో ఉన్నాను. పొగ ఏమన్నా వస్తోందా?"

కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. "పొగ లేదు."

"చక్రాలు?"

"ఇందాక బయట ఉన్నాయి. ఇప్పుడు లోపలికి తీసుకున్నారు."

"ఎన్నో చుట్టు?"

"మూడోది. ఎడమ వైపుకి తిరుగుతోంది. ఊగడం లేదు."

ముప్పై అయిదేళ్ళపాటు ప్రమాద స్థలాల నుంచి విలేకరులు ఇలాంటి ఫోన్లు చేస్తే బల్ల దగ్గర కూర్చుని ఇవే ప్రశ్నలు అడిగినవాణ్ణి నేను. జవాబులు చెప్పే వైపు ఎప్పుడూ నిలబడలేదు.

"ఎవరు నడుపుతున్నారో పేర్లు దొరికాయా అణ్ణా మీకు?"

"నాకెలా దొరుకుతాయి? నువ్వు వెళ్ళి, చూసి, నాకు ఫోను చెయ్యి. ఊహించి రాయకు."

ఆ చివరి మాట అతను నా దగ్గర వందసార్లు విన్నదే. నవ్వి, "సరి అణ్ణా," అని పెట్టేశాడు. దాన్ని నడిపేవాళ్ళలో ఒకరు నా మేనకోడలని చెప్పలేదు. చెబితే అది వార్తలో ఒక వాక్యమవుతుంది. అది మాత్రమే కారణమని చెప్పలేను. నోటితో అంటే నిజమైపోతుందని కూడా అనిపించింది.

"మూడు!" అంది అమ్మ, చెయ్యెత్తి. తువ్వాలు ఊపుతోంది. "మూడయినాయి. సాలు కణ్ణు, దిగు!"

చెల్లెలు స్టీలు పళ్ళెంలో ఆరు నిమ్మకాయలు, కర్పూరం పట్టుకుని పైకి వచ్చింది. ముందు ఆకాశం చూసింది. తర్వాత చేతి గడియారం. తర్వాత నన్ను. నాలుగూ ముప్పై అయిదు.

"ఎవురన్నా ఫోను?"

"ఆఫీసు వాళ్ళు."

"నువ్వు ఆఫీసు వదిలి నాలుగేండ్లయినాది కదా."

ఆమె పళ్ళెం ట్యాంకు గట్టు మీద పెట్టి నా దగ్గరకొచ్చి, అమ్మకి వినపడకుండా, "ఏమయినాది అన్నా? నిజం సెప్పు," అంది.

"ఏదో బిగుసుకుందట. పొగ లేదు. ఇంకా కన్ఫర్మ్ కాలేదు."

ఆమె కేక పెట్టలేదు. అమ్మ వైపు చూసింది. అమ్మ తువ్వాలు ఊపుతూనే ఉంది. చెల్లెలు వెళ్ళి మిరపకాయల పక్కన చతికిలబడి, తల వంచుకుని ఒక్కొక్క కాయకీ తొడిమ తీయడం మొదలుపెట్టింది. మేము ఎప్పుడూ మిరపకాయల్ని తొడిమతోనే దాస్తాం. తొడిమ తీస్తే పురుగు పడుతుంది. ఆ సంగతి నాకు నేర్పిందే ఆమె.

నాలుగో చుట్టుకి అమ్మకి అనుమానం వచ్చింది.

"మూడంటే మూడే కదరా. ఇంకా ఏల సుట్తా ఉండాది?"

"మొదటి చుట్టు సరిగా రాలేదనుకుందేమో."

"అదీ నిజమే," అని ఒప్పుకుంది. కానీ ఇంకొంచెం చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఆగరా! ఎడమ పక్కగా కదా సుట్తోంది! ఎవురైనా అట్ల సుట్తారా? ఇంత సదివించినారు, కుడి ఎడమ తెలీలే ఆ పిల్లకి! దిగనీ, సెప్తా."

అయిదో చుట్టు సగంలో విమానం చుట్టు వదిలి ఈశాన్యం వైపు సాగిపోయింది. చిన్నదై, చుక్కయి, కనిపించకుండా పోయింది. అమ్మ కుర్చీలో కూర్చుని నీళ్ళు అడిగింది. చెంబు అందించాను.

ఎంతసేపో తెలియదు. గడియారం చూడకూడదని నిర్ణయించుకున్నాను. మళ్ళీ గొణుగుడు వినిపించింది. ఎప్పటికన్నా దూరం నుంచి, ఎప్పటికన్నా మెల్లగా దిగుతూ వచ్చింది. ఆరు చక్రాలూ బయట ఉన్నాయి. ముక్కు కొంచెం లేచి, కొంచెం వాలి, మళ్ళీ లేచింది. నిండు కుండ నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడిచే మనిషి మెడలా ఉంది ఆ కదలిక. జొన్నచేను దాటింది. ఈసారి చప్పుడు పెద్దది కాలేదు. మా మీదుగా వెళ్ళింది. అమ్మ రెండు చేతులూ జోడించింది. విమానం కొబ్బరిచెట్ల వెనక్కి దిగిపోయింది.

మా మిద్దె మీద నుంచి రన్‌వే కనిపించదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. చెట్ల వెనక్కి దిగాక కొన్ని క్షణాలు నిశ్శబ్దం, తర్వాత వేగం తగ్గించడానికి ప్రాపెల్లర్లు ఎదురు తోసే ఉరుము. రోజూ వినేదే. దాన్ని ఎప్పుడూ చెవిపెట్టి వినలేదు. ఆ రోజు విన్నాను. చెల్లెలి చేతిలో మిరపకాయ ఆగిపోయింది. అమ్మ ఏదో అంటోంది, అది నా చెవికెక్కలేదు.

ఉరుము వచ్చింది. ఎప్పటిలాగే పెద్దదై, ఎప్పటిలాగే తగ్గి, ఆగిపోయింది. ఆ తర్వాత ఇంకే చప్పుడూ లేదు. ఇంకే చప్పుడూ లేకపోవడం ఎంత మంచి సంగతో ఎవరికీ తెలిసే అవసరం రాకూడదు.

ఏడెనిమిది నిమిషాలకి ఫోను. "దిగింది అణ్ణా. కళ్ళతో చూశాను. అందరూ నడిచి దిగుతున్నారు. ఎవరికీ గీత కూడా పడలేదు."

"పైలట్లు?"

"ఇద్దరూ బాగున్నారు. ఒకరు అమ్మాయి. మెట్ల దగ్గర నిలబడి అందరికీ నమస్కారం చెబుతోంది."

చెల్లెలి వైపు తిరిగి, "కన్ఫర్మ్," అన్నాను.

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మరుక్షణం అరిచింది. మిరపకాయ చేతులు. కళ్ళ వెంట ధారలు.

"పిచ్చిదానా! మిరపకాయ సేత్తో కళ్ళు తుడుస్తారా?" అని అమ్మ తిట్టింది. "నీళ్ళు పోసుకో, సీక్రం!"

చెల్లెలు ట్యాంకు కుళాయి కింద ముఖం పెట్టి, కళ్ళు కడుక్కుంటూ ఏడ్చింది, ఏడుస్తూ కడుక్కుంది. ఎంతసేపు ఏడ్చినా ఎవరూ ఎందుకని అడగనవసరం లేదు. పక్కన నిలబడి కుళాయి తిప్పి పట్టుకున్న నాకు మాత్రం అలాంటి సాకు దొరకలేదు. పోయి నిమ్మకాయలు లెక్కపెట్టాను. ఆరు.

దీపాలు పెట్టే వేళకి మేనకోడలు వాళ్ళ నాన్న స్కూటర్ వెనక కూర్చుని వచ్చింది. ఒంటి మీద యూనిఫారం, కాళ్ళ మధ్య బ్యాగు. రిపోర్టులు రాయడం, డాక్టరు చూడడం, పెద్దవాళ్ళ ఫోన్లు, అన్నీ అయ్యేసరికి అంతసేపు పట్టింది. బావ ముఖంలో రక్తం లేదు. విమానాశ్రయం బయట నిలబడి ఫైరింజన్లు బారులు తీరడం చూశాడు, ఎవరికీ ఫోను చేయకుండా అక్కడే నిలబడ్డాడు. ఎందుకు చేయలేదని తర్వాత అడిగితే, "మీకు తెలీదులే అనుకున్నా బావా," అన్నాడు. మేమేమో ఆయనకి తెలియదని అనుకున్నాం.

అమ్మ గుమ్మంలోనే అందుకుంది.

"ఏమే, మూడు సుట్టమంటే అయిదు సుట్టినావు, సరి. ఎడమ పక్కగా ఏల సుట్టినావు?"

మేనకోడలు అమ్మని చూసింది, మమ్మల్ని చూసింది. ఎర్రబడిన కళ్ళతో వాళ్ళమ్మ మెల్లగా తల అడ్డంగా ఊపింది. ఒక్క క్షణంలో పిల్లకి అంతా అర్థమైంది.

"కుడి పక్క మిలిటరీ వాళ్ళ జాగా అవ్వా. అక్కడ సుట్టనీరు."

"ఏం, మిలిటరీ వాళ్ళకి అమ్మవారు లేదా?"

పిల్ల గుమ్మం మెట్టు మీద కూలబడి నవ్వింది. పొట్ట పట్టుకుని, టోపీ కింద పడిపోయేదాకా నవ్వింది. వాళ్ళమ్మ పోయి పక్కన కూర్చుని పిల్ల తలని ఒళ్ళో పెట్టుకుంది గానీ, చేత్తో చెంప తాకలేదు. మజ్జిగతో, కొబ్బరినూనెతో కడిగినా ఆమె చేతులు ఇంకా మండుతూనే ఉన్నాయి. మోచేతులతో పట్టుకుంది కూతుర్ని.

తోటకి నీళ్ళు పెట్టాలని బావ బావి దగ్గర మోటారు షెడ్డుకి వెళితే, మేము ముగ్గురం వెంట వెళ్ళాం. అమ్మకి వినపడనిది ఆ ఒక్క చోటే. అక్కడ చెప్పింది.

విమానంలో ముక్కు పైకీ కిందికీ తిప్పడానికి ఒక నిలువు పిడి ఉంటుంది. కెప్టెన్ ముందు ఒకటి, ఆమె ముందు ఒకటి. రెండూ కింద ఒక కడ్డీతో కలిసి ఉంటాయి. ఒకరు లాగితే రెండోదీ కదులుతుంది. ఆ రోజు నడుపుతున్నది కెప్టెన్. మా జొన్నచేను దగ్గరికి వస్తుండగా ముక్కు కొద్దిగా ఎత్తాలని పిడి లాగాడు. రాలేదు. తోశాడు. పోలేదు. రాతిలో పాతినట్టు ఉంది. ఆమె తన పిడి పట్టుకుని చూసింది, అదీ అంతే. కెప్టెన్ ఇంజన్లకి శక్తి పెంచి, ముక్కుని కొద్దికొద్దిగా సవరించే చిన్న మీట సాయంతో మెల్లగా పైకి తీసుకుపోయాడు. పక్కలకి వంచే కంట్రోలు బాగానే ఉంది. అందుకే చుట్లు తిరుగుతూ, ఇలాంటప్పుడు ఏం చేయాలో రాసి ఉండే పుస్తకం తీశారు.

"పుస్తకంలో ఏముండాది?" అన్నాడు బావ.

"రెండు పిడుల్నీ విడగొట్టమని ఉండాది నాయనా. ఒకరు గట్టిగా పట్టుకోవాల, ఇంకొకరు బలం కొద్దీ లాగాల. మధ్యలో కడ్డీ విడిపోతాది. అప్పుడు ఎవరి పిడి వాళ్ళది. ఏ పక్క పట్టుకున్నాదో తెలుస్తాది."

బావ మోటారుని, పంపుని కలిపే ఇనుప బిళ్ళ మీద చెయ్యి వేశాడు. "కప్లింగు ఇప్పినట్టు."

"ఆమా, అదే! మోటరు పట్టిందా, పంపు పట్టిందా అని నువ్వు కప్లింగు ఇప్పి చేత్తో తిప్పి సూస్తావే, అదే. పుస్తకం సదవతా ఉంటే నాకు మన షెడ్డే కనిపించినాది. భయం కొంచెం తగ్గినాది."

కాలు నేలకి తన్ని పెట్టి లాగిందట. 'టప్' మని చప్పుడు. ఆమె పిడి వదులై చేతిలోకి వచ్చింది. కెప్టెన్‌ది అలాగే ఉంది. తోక వెనక సగం మాత్రం ఆమె మాట వింటోంది, మిగతా సగం వినడం లేదు. ఇంకో రెండు చుట్లు ఆ సగంతోనే ఎత్తులో అన్నీ చేసి చూశారు. వేగం తగ్గిస్తే ఏమవుతుంది, చక్రాలు దించితే ఏమవుతుంది. బరువుగా ఉంది, ఆలస్యంగా కదులుతుంది, కానీ కదులుతుంది.

"కెప్టెన్‌ది నా వయసంత సర్వీసు మామా. ఆయన నా పక్క తిరిగి, నాది కదల్లేదు, నీది కదులుతా ఉండాది, ఇంక విమానం నీది అన్నాడు. వేగం నేను సదవతా, ఇంజన్లు నేను సూసుకుంటా, నువ్వు అడిగితేనే మాట్లాడతా అన్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు."

"అంతసేపూనా?" అన్నాను.

"ఇంజన్లు తగ్గించాల్సినప్పుడు ఒక చెయ్యి తీసినాడు. మళ్ళీ కిందే. పెద్దోళ్ళు మనం వండి తోలుతా ఉంటే పక్కన కూర్చోని లేని బ్రేకు తొక్కతారు కదా, నాయన మాదిరి. ఆయన అది కూడా తొక్కలే."

"నేనెప్పుడు తొక్కినానే?"

"పోయిన నెల ఉక్కడం రోడ్డులో."

"అక్కడ లారీ వచ్చినాది!"

"లారీ అవతలి పక్క వచ్చినాది నాయనా."

షెడ్డులో మొదటిసారి అందరం నవ్వాం. బావ కూడా. నవ్వుతూనే తుండుతో ముఖం తుడుచుకున్నాడు, ఆయనకి మోటారు గ్రీజు సాకు.

ఇంకొక్కటి చెప్పింది. ఎడమ వైపు తిరుగుతుండడం వల్ల నేల కెప్టెన్ కిటికీలోనే కనిపించేది, ఆమెకి ఆకాశమే. నాలుగో చుట్టులో ఆయన, కింద ఒక ఇంటి మీద ఎర్రగా ఏదో పరిచారు, గుర్తుకి బాగుంది అన్నాడట. అది మా ఇల్లు, అవి మా మిరపకాయలు అని ఈమె చెప్పింది. అయితే దాని మీదుగానే దిగుదాం అన్నాడాయన. చక్రాలు నేలను తాకి వేగం తగ్గాక, నేల మీద మలుపు తిప్పే పిడి ఆయన వైపే ఉంటుంది కాబట్టి అప్పుడు చెయ్యి బయటికి తీశాడు. ఆ చెయ్యి వణుకుతోందట.

"నీకు?" అంది చెల్లెలు.

"నాకు మెట్ల దగ్గర వణికినాది. అందుకే నమస్కారం పెట్టి చేతులు కలిపి పట్టుకున్నా."

షెడ్డు తలుపు వేస్తూ, "అవ్వకి సెప్పొద్దు," అంది. "ఇప్పుడు సంతోషంగా మిద్దె ఎక్కుతాది. సెప్తే భయంతో ఎక్కుతాది."

మర్నాడు పొద్దున పేపరు వచ్చింది. మా ఇళ్ళలో నాకు తప్ప అందరికీ తెలుగు నోటి వరకే. అమ్మకి ఏ అక్షరాలూ రావు. నేను రోజూ అరవం పేపరు ముందు పెట్టుకుని, తెలుగులోకి మార్చి ఆమెకి వినిపిస్తాను. మూడో పేజీ కింద ఆ వార్త ఉంది, చిన్నది. పేర్లు లేవు. ఊహించి రాసింది ఒక్క ముక్కా లేదు. దాన్ని దాటేసి పక్క వార్తకి పోవచ్చు. కానీ పేజీలో ఉన్న వార్తని లేనట్టు చేయడం నాకు చేతకాదు. పక్కనే మేనకోడలు ఇడ్లీ తింటోంది. ఆమె వైపు ఒకసారి చూసి చదివాను. నిన్న సాయంత్రం కోవైలో దిగాల్సిన ఒక విమానానికి కంట్రోలు బిగుసుకుపోయింది, కాసేపు ఆకాశంలో తిరిగి, సహ పైలట్ చేతుల మీదుగా క్షేమంగా దిగింది.

అమ్మ వింటూ నా వైపు జరిగింది. చెల్లెలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నిన్నా? ఎన్ని గంటలకి?"

"సాయంత్రం," అన్నాను. "నాలుగున్నర, అయిదు."

"అయ్యో పాపం. ఎవురు కన్న బిడ్డలో!" అని అమ్మ మనవరాలి వైపు తిరిగింది. "అందుకా నువ్వు మూడుకి ఆపకుండా అయిదు సుట్టినావు? ఆ వండి ముందు దిగాలని నువ్వు దారిచ్చినావు. అవునా?"

పిల్ల ఇడ్లీ మింగి నా వైపు చూసింది. నేను పేపరు వైపు చూశాను.

"ఆమా అవ్వా," అంది. "అది ముందు దిగాలని."

"మంచి పని. ఎడమ పక్కయినా పర్వాలే, పో." అమ్మ లేచి వెళ్ళి ఆ ఆరు నిమ్మకాయలూ తెచ్చింది. "ఇవి మనకొద్దు. నువ్వు పోయేప్పుడు ఆ వండి వాళ్ళకి ఇచ్చెయ్. మన కంటే వాళ్ళకే కావాల. సక్రాల కింద పెట్టమను."

మేనకోడలు మారుమాట లేకుండా వాటిని బ్యాగులో పెట్టుకుంది. విమానాశ్రయంలో ఆ విమానం ఒక మూల నిలబడి ఉంది. ఇంజనీర్లు తోక విప్పి పెట్టుకున్నారు. దాని చక్రాల దగ్గర ఏదీ పెట్టనివ్వరు. మధ్యాహ్నం గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. నలుగురు ఇంజనీర్లు, నెరిసిన జుట్టుతో ఒక పెద్దాయన, అందరి చేతుల్లో గ్లాసులు. కింద మేనకోడలు రాసింది: 'ఆరూ పిండి ఉప్పేసి తాగేశారు. కెప్టెన్ రెండు గ్లాసులు. అవ్వకి ఏం చెబుతారో మీ ఇష్టం.'

అమ్మ మిద్దె మీద మిరపకాయలు తిరగేస్తోంది. సగం కాయలకి తొడిమలు ఎందుకు లేవో ఆమెకి ఇంకా అంతుపట్టలేదు.

"ఏమిరా, నిమ్మకాయలు నలిగినాయా?"

"నలిగాయమ్మా," అన్నాను. "ఆరూ."

అది కన్ఫర్మ్ అయిన వార్తే.